ఎదురుచూపూ సరుకే

రాబోయే సినిమా కోసం ఎదురుచూసే అభిమానిని ఎగతాళి చేయటం తేలిక. అతని ఎదురుచూపును ఎవరు అమ్ముకుంటున్నారో తేల్చటమే విమర్శకుడి పని.

2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి' ఒక ప్రశ్న మిగిల్చి ఆగిపోయింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబు 2017 ఏప్రిల్ 28న గాని దొరకలేదు. అన్ని నెలలూ ఆ ప్రశ్నను టీకొట్ల దగ్గరా, కాలేజీల్లో, సెల్‌ఫోన్లలో మోసిందెవరు? అభిమానులే. నిర్మాతలకు వాళ్ళు కూలి అడగని ప్రచారకులు.

'పుష్ప' మొదటి భాగం 2021 డిసెంబరులో వచ్చింది. రెండవ భాగానికి మూడేళ్ళు పట్టింది. 2024 డిసెంబరు 4 రాత్రి ముందస్తు ఆటకు టికెట్టు మీద 800 రూపాయలు పెంచుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. ఒక్క రోజు ముందు చూడటానికి అంత వెల! ఆ రాత్రే హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో, సినిమా హాలు దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు.

అభిమాని ఆకలి అబద్ధం కాదు. పుష్పరాజ్ శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికే కూలీ. ఎవరి ముందూ తగ్గని ఆ కూలీలో ప్రేక్షకుడు తన ఆత్మగౌరవాన్ని చూసుకున్నాడు. అయితే పుష్పరాజ్ సిండికేటు నాయకుడయ్యాడు. తోటి కూలీలు కూలీలుగానే మిగిలారు. ఈ సంగతి చెప్పటానికి విడుదల రోజు దాకా ఆగనక్కరలేదు. ఆశను పెట్టుబడి సొమ్ము చేసుకోవటం సినిమా రాకముందే మొదలవుతుంది. విమర్శ కూడా అప్పుడే మొదలుకావాలి.