అరణ్య విహారమూ, రచయిత దృక్పథమూ

అడవుల్లోనూ, చిత్తడి నేలల్లోనూ కాలినడకన తిరిగి వచ్చి, ఆ అనుభవాన్ని వ్యాసంగా రాయడం ఇటీవల మన పత్రికల్లో తరచు కనిపిస్తున్నది. ఈ రచనల మీద మన మిత్రుల్లో రెండభిప్రాయాలున్నాయి. ఇదంతా కడుపు నిండినవాళ్ల కాలక్షేపమనీ, పలాయనవాదమనీ కొందరంటారు. ప్రకృతి సౌందర్యానికి వర్గాన్ని అంటగట్టడం రసజ్ఞత కాదని మరికొందరంటారు. ఈ వాదనలు పైకి విరుద్ధంగా కనిపించినా, వాటి కింద ఉన్న పొరపాటు ఒక్కటే. అడవి అంటే మనుషులు లేని చోటని ఉభయులూ అనుకుంటున్నారు.

మొదటి వాదనను చరిత్ర ఒప్పుకోదు. ఇంగ్లండులో మాంచెస్టరు సమీపాన కిండర్ స్కౌట్ అనే ఎత్తైన బురద మైదానం ఉన్నది. భూస్వాములు గ్రౌస్ పక్షుల వేట కోసం దానిని తమ చేతుల్లో పెట్టుకుని, పరాయివాడిని అడుగు పెట్టనిచ్చేవారు కారు. వారమంతా మిల్లుల్లోనూ, వర్క్‌షాపుల్లోనూ పనిచేసిన యువకులు 1932 ఏప్రిల్ 24, ఆదివారం నాడు, బెన్నీ రాత్‌మన్ అనే యువ కమ్యూనిస్టు ముందు నడవగా, వందల సంఖ్యలో ఆ నేల మీదికి ఎక్కారు. ఐదుగురికి జైలుశిక్షలు పడ్డాయి. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1951లో ఏర్పడిన తొలి ఉద్యానంలో ఆ కొండ చేరింది. 2009లో అది జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతమైంది. ఆ ఒక్క రోజు నడక వల్లనే ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. కాని గాలికీ, వెలుతురుకూ మొహం వాచిన కార్మికుడికి కొండ ఎక్కాలనే కోరిక ఉండటం పలాయనం కాదని మాత్రం ఆ సంఘటన రుజువు చేసింది.

ఇక రెండవ వాదన. దీనికి సమాధానం విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల ‘ఆరణ్యక్’లో ఉన్నది. 1939లో పుస్తకంగా వెలువడిన ఈ వంగ నవలను సూరంపూడి సీతారాం గారు ‘వనవాసి’ పేరుతో తెలుగు చేశారు. భాగల్పూరు ప్రాంతపు జమీందారీ అడవుల్లో ఉద్యోగం చేసిన అనుభవంతో విభూతిభూషణ్ దీనిని రాశారు. కథానాయకుడు సత్యచరణ్ ఉద్యోగం దొరకని కలకత్తా పట్టభద్రుడు. బీహారు అడవులకు జమీందారీ మేనేజరుగా వెళతాడు. గుర్రం మీదా, కాలినడకనా వెన్నెల రాత్రులు తిరిగి ఆ అడవికి వశమైపోతాడు. కాని అతని ఉద్యోగమే ఆ అడవిని కొట్టించి రైతులకు కౌలుకివ్వడం! ప్రేమించిన చేతులతోనే నాశనం చేశానన్న పశ్చాత్తాపం నవలంతటా వినిపిస్తుంది.

ఈ నవల గొప్పతనం వెన్నెల వర్ణనలో మాత్రమే లేదు. సత్యచరణ్ తిరిగిన ప్రతి దారిలోనూ ఎవరో ఒక మనిషి ఎదురవుతాడు. మేనేజరు తినగా మిగిలిన అన్నం పిల్లల కోసం అడిగి తీసుకుపోవడానికి చలిలో నిలబడే కుంత, ఏ లాభమూ ఆశించకుండా ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి సరస్వతీ కుండి ఒడ్డున నాటే జుగల్ ప్రసాద్, రాజ్యం పోయిన సంతాల్ రాజు దోబ్రూ పన్నా, భారతవర్షం పేరే వినని అతని వంశపు పిల్ల భానుమతి, వీళ్లను తీసివేస్తే నవలలో మిగిలేది ఒక పటం.

ఐతే లోపం కూడా చెప్పవలసి ఉన్నది. సత్యచరణ్ తన చేతిని నిందించుకుంటాడు. ఆ చేతికి జీతమిచ్చి సంతకం పెట్టించిన యజమాని మాత్రం కలకత్తాలో క్షేమంగా ఉంటాడు. అతడిని నవల నిలదీయదు. అడవి పోయి వెలసిన ఇరుకు బస్తీలు వికారంగా ఉన్నాయని కథకుడు బాధపడతాడు. ఆ బస్తీవాడికి సాగుచేసుకునేందుకు మరోచోట నేల ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న దాకా వెళ్లడు. వ్యక్తిగత పశ్చాత్తాపం దగ్గర రచయిత ఆగిపోయాడు.

మన నడక వ్యాసాలు ఆ పశ్చాత్తాపం దాకా కూడా రావడం లేదు. నల్లమలనే తీసుకుందాం. 1983 నుంచి అది పులుల రక్షిత ప్రాంతం. అక్కడ చెంచుల నివాసాలను పెంటలంటారు. తేనె కోసం, దుంపల కోసం తరతరాలుగా వాళ్లు నడిచి వేసిన బాటల మీదనే మనం విహరిస్తున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ల హక్కులను గుర్తించింది. ఐనా పులి కోసం పెంటలను తరలించాలనే ప్రతిపాదనలు ఆగలేదు. 2019లో ఆమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణ మాట రాగానే ఎదురు నిలిచినవాళ్లలో ఆ చెంచులే ఉన్నారు. వ్యాసంలో ఆ మనిషి “మా గైడు” అన్న రెండు మాటల్లో ముగిసిపోతే, అది వర్ణనలో లోపం మాత్రమే కాదు, అసత్యం కూడా.

కొల్లేరు సంగతీ అంతే. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్టు మీద నిలబడి గూడబాతులను చూసి పరవశించడం తప్పు కాదు. ఆ గట్టు ఎవరు పోశారు, పెట్టుబడి ఎవరిది, గట్టు తెగిననాడు కూలి పోగొట్టుకున్నది ఎవరు అని అడగకుండా రావడం తప్పు. పక్షిని కాపాడాలన్న చట్టం అవసరమే. దాని భారం పెద్ద పెట్టుబడిదారు మీద ఎంత పడిందో, చిన్న జాలరి మీద ఎంత పడిందో విచారించడం కూడా ప్రకృతి ప్రేమలో భాగమే.

కనుక విద్యార్థి మిత్రులు అడవికి వెళ్లవద్దని నేననను. తప్పక వెళ్లండి. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు నేర్చుకోండి. అవి తెలియని రచయిత ప్రకృతిని గురించి రాసేది ఉత్త మాటలే. కాని ఆ పేర్లు మీకు చెప్పిన మనిషి పేరు కూడా అడగండి. అతడు ఏం తింటున్నాడో, అతని నేలకు పట్టా ఉన్నదో లేదో తెలుసుకోండి. తరువాత వెన్నెలను ఎంత అందంగా వర్ణించినా మాకు అభ్యంతరం లేదు.