ముఖం చూసి చెప్పని మాట

మా దిక్కు రామాయణం పట్టాభిషేకంతో అయిపోతుంది. మానవపాడు చుట్టుపక్కల నేను విన్న పారాయణాలన్నీ అంతే. రాముడు గద్దెనెక్కుతాడు, హారతిస్తారు, పానకం పంచుతారు, పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి గుడ్డలో చుట్టేస్తారు. ఉత్తరకాండ ఆ గుడ్డలోనే ఉండిపోతుంది. చదివితే అరిష్టమని కొందరంటారు గాని, మా ముసలమ్మలు అరిష్టం మాట ఎత్తరు. "ఆ తల్లిని మల్లా అడవికి తోలుడెందుకు నాయనా, ఆడికే ఆపు" అంటారు. ఆ మాటలో ఉన్న ప్రేమ ముందు ఏ పండితుడి వాదమైనా చిన్నదే. అయినా ఉత్తరకాండ చదవాలనే నేనంటాను.

గుడి అరుగు మీద సాయంత్రాలు ద్విపద రామాయణం చదివి అర్థం చెప్పడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ద్విపద పైకి చదవడానికే పుట్టిన ఛందస్సు. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. రెండు పాదాలకూ ప్రాస కుదిరితే చాలు, చదువు రానివాళ్ల నాలుక మీద కూడా నిలుస్తుంది. తోలుబొమ్మలాట వాళ్లు రంగనాథ రామాయణాన్ని తమ సొంతం చేసుకున్నది అందుకే. కానీ ద్విపదకు పరుగు ఎక్కువ. ఇంకా కావాలి, ఇంకా కావాలి అని ముందుకు లాగుతుంది. యుద్ధకాండలో ఆ పరుగు అందం. ఎడబాటు ఘట్టంలో ఆ పరుగే చదివేవాణ్ణి మోసం చేస్తుంది, కన్నీళ్ల మీదుగా గబగబా నడిపించేస్తుంది. అక్కడ సూర్యగణం దాటాక ఊపిరి బిగబట్టి ఆగడం నేర్చుకోవాలి. నా మటుకు నాకు ఈ విద్యలో సగం పని అదే.

రంగనాథ రామాయణం మాకు పరాయిది కాదు. కృష్ణ దాటి పైకి పోతే నాగర్‌కర్నూల్ జిల్లాలో నందివడ్డెమాన్ ఉంది. అదే పాత వర్ధమానపురం. కాకతీయుల సామంతులుగా గోనవారు ఏలిన చోటు. 13వ శతాబ్దంలో ఆ వంశంలోని గోన బుద్ధారెడ్డి తండ్రి విఠలనాథుడి కోరిక మీద ఆయన పేరు నిలిచేలా ఆరు కాండలు రాశాడు. ఉత్తరకాండను బుద్ధారెడ్డి కొడుకులు కాచవిభుడు, విఠలరాజు ద్విపదలోనే పూర్తిచేశారు. తండ్రి కోసం కొడుకు, ఆ కొడుకు కోసం అతని కొడుకులు: మూడు తరాల బాధ్యత కలిస్తేనే ఆ రామాయణం నిండింది. అంత పితృభక్తి గల ఇంట్లో పుట్టినవాళ్లు, తండ్రి వదిలిన చోటునుంచి కలం అందుకుని, రాజధర్మం కోసం భార్యను వదిలిన కథ చెప్పారు. ఆ కథను మనం గుడ్డలో చుట్టి పెట్టడం వాళ్లకు న్యాయం చేసినట్టు కాదు.

ఒక ఏడు పట్టుబట్టి చదివాను. నిండుచూలాలు సీత మునుల ఆశ్రమాలు చూడాలని ఉందని ముచ్చటగా అడుగుతుంది. రాముడు సరేనంటాడు. ఆ తర్వాతే లోకం అంటున్న మాట చెవిన పడుతుంది. తమ్ముళ్లను పిలిపిస్తాడు, లక్ష్మణుడికి ఆజ్ఞ ఇస్తాడు. సీత సంతోషంగా రథం ఎక్కుతుంది. గంగ దాటాక గాని ఆమెకు నిజం తెలియదు. అక్కడికి వచ్చేసరికి వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది: "పోయేటప్పుడు ఆమెతోని చెప్పిండా సారూ?"

"చెప్పలేదక్కా. లక్ష్మణుడే చెప్పిండు."

"మొగం చూసి చెప్పకుంటే ఎట్ల?"

నేను పుస్తకం పక్కన పెట్టాను. ధర్మం పెద్దదా ప్రేమ పెద్దదా అని పండితులు శతాబ్దాలుగా తర్కించారు. ఆమెకు ఆ తర్కంతో పని లేదు. పాలమూరు లేబరని పేరు పెట్టించుకుని దేశంలోని డ్యాములన్నీ కట్టడానికి పోయిన మనుషుల నేల ఇది. పోక తప్పదని ఇక్కడి ఆడవాళ్లందరికీ తెలుసు. ఎట్లా పోయాడన్నదే వాళ్లు అడుగుతారు.

ఆ ప్రశ్న పట్టుకుని నేను రోము దాకా పోయాను. వర్జిల్ మహాకవి క్రీస్తుకు పూర్వం 19లో చనిపోయేనాటికి 'ఈనియడ్' కావ్యానికి తుది మెరుగులు పూర్తికాలేదు. ఆ ప్రతిని తగలబెట్టమని ఆయన కోరితే అగస్టస్ చక్రవర్తి ఒప్పుకోలేదు. పన్నెండు ఆశ్వాసాలు, దాదాపు పదివేల పాదాలు. కాలిపోతున్న ట్రాయ్ నగరంలోంచి కథానాయకుడు ఈనియాస్ తండ్రిని భుజాల మీద మోస్తూ, కొడుకు చెయ్యి పట్టుకుని బయటపడతాడు. భార్య క్రెయూసా వెనక నడుస్తూ చీకట్లో తప్పిపోతుంది. తండ్రి భుజం మీద, కొడుకు చేతిలో, భార్య వెనక. కథంతా ఆ నడకలోనే ఉంది. తర్వాత ఓడలు కార్తేజి చేరతాయి. అక్కడి రాణి డైడో ఆశ్రయమిస్తుంది, మనసిస్తుంది. ఇటలీలో కొత్త రాజ్యం నీ వంశానిది, ఇక్కడేం చేస్తున్నావని దేవతల దూత మెర్క్యురీ వచ్చి మందలిస్తాడు. అప్పుడు ఈనియాస్ చేసే మొదటి పని ఏమిటి? ఓడలు రహస్యంగా సిద్ధం చేయమని తనవాళ్లకు చెబుతాడు. రాణికి మంచి సమయం చూసి చెబుదామనుకుంటాడు. ఆయన చెప్పకముందే ఆమెకు తెలిసిపోతుంది.

గంగ ఒడ్డు ఎక్కడ, ఆఫ్రికా తీరం ఎక్కడ! ఇద్దరు నాయకులూ ఒక్క చోటే తడబడ్డారు. ఇద్దరిదీ నిజమైన ప్రేమే. ఎదురుపడితే మనసు కరిగిపోతుందని భయపడ్డారని ఎవరైనా అంటే నేను కాదనను. ఆ భయం అర్థమవుతుంది. అది వాళ్లను నిర్దోషుల్ని మాత్రం చేయదు. బాధ్యత కోసం ప్రేమను వదులుకునే హక్కు మనిషికి ఉండొచ్చు. ఆ సంగతి అవతలి మనిషికి చివర తెలిసేలా చేసే హక్కు ఎవరికీ లేదు.

కవులకు ఇది తెలుసు. రోము సైన్యం కార్తేజిని క్రీస్తుకు పూర్వం 146లో నేలమట్టం చేసింది. వర్జిల్ శ్రోతలకు డైడో శత్రుదేశపు రాణి. అయినా నాలుగో ఆశ్వాసంలో గుండె పిండే మాటలన్నీ ఆమెకే ఇచ్చాడు. ఈనియాస్ జవాబు పొడిగా ఉంటుంది. చివరికి ఆమె అతని కత్తితోనే ప్రాణం తీసుకుంటుంది. అగస్టస్ ముందు వర్జిల్ ఈ ఆశ్వాసాన్ని స్వయంగా చదివి వినిపించాడని ఆయన పాత జీవితచరిత్ర చెబుతుంది. ఎక్కడ ఆగాడో, ఎక్కడ గొంతు తగ్గించాడో వినాలని నాకు ఎంత ఆశో! నాలుగు వందల ఏళ్లు గడిచాక, ఆఫ్రికాలోనే పుట్టిన సెయింట్ అగస్టీన్, చిన్నప్పుడు డైడో చావు చదివి ఏడ్చానని రాసుకున్నాడు.

ఆరో ఆశ్వాసంలో ఈనియాస్ పాతాళానికి వెళ్లినప్పుడు డైడో కనబడుతుంది. అప్పుడు ఏడుస్తాడు, నా ఇష్టంతో నిన్ను విడిచి రాలేదని చెప్పుకుంటాడు. ముందే చెప్పాల్సిన తీరులో ఇప్పుడు చెబుతాడు. ఆమె ఒక్క మాట మాట్లాడదు. నేల చూసి, తిరిగి తన మొదటి భర్త దగ్గరికి వెళ్లిపోతుంది. ఉత్తరకాండలో రాముడు నిండు సభలో సీతను మళ్లీ ప్రమాణం చేయమంటాడు. ఆమె ఆయనతో వాదించదు, భూదేవిని అడుగుతుంది, వెళ్లిపోతుంది. రెండు కావ్యాల్లోనూ నాయకుడికి దక్కింది మౌనమే. ఇంతకన్నా గట్టి తీర్పు ఏ న్యాయస్థానమూ ఇవ్వదు. ఆ మౌనాన్ని చదవడమే నాకు అన్నిటికన్నా కష్టం. హార్మోనియం తమ్ముడు అలవాటు కొద్దీ అక్కడ శ్రుతి పెంచబోతాడు, నేను చెయ్యి ఎత్తి ఆపుతాను.

ఇట్లా ప్రశ్నించడం భక్తికి లోటని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. వాళ్లకు మా మానవపాడు మండలపు బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిని గుర్తుచేస్తాను. గోలకొండ పత్రిక నడిపిన ఆ చేత్తోనే ఆయన 'రామాయణ విశేషములు' రాశారు. రామాయణాన్ని పరిశోధకుడి కళ్లతో చదవడం ఈ నేలకు కొత్త కాదు. పైగా 1963లో వచ్చిన 'లవకుశ' సినిమా కథ ఏమిటి? ఉత్తరకాండే కదా. గుడిలో వద్దన్నవాళ్లే టూరింగ్ టాకీసు ముందు బండ్లు కట్టుకుని దిగారు, కొంగులు తడుపుకుని ఇంటికొచ్చారు.

చదివేవాళ్లకు నా విన్నపం ఇదే. వచ్చే శ్రీరామనవమికి పట్టాభిషేకం యథాప్రకారం జరిపించండి. హారతివ్వండి, పానకం పంచండి. మర్నాడు ఒక్క సాయంత్రం అదనంగా కూర్చోండి. గోనవారి కొడుకులు రాసిన ఉత్తర రామాయణం తెచ్చి, గంగ ఒడ్డున లక్ష్మణుడు నోరు విప్పే ఘట్టం తీసి, తొందరపడకుండా చదవండి. ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. వాళ్లు ప్రశ్న అడిగితే పుస్తకం పక్కన పెట్టి, వాళ్ల వైపు తిరిగి జవాబు చెప్పండి.