ఒక ముద్దుపేరు జాడ తీసిన ఇద్దరు

1921 మే 3న న్యూయార్క్ ‘మార్నింగ్ టెలిగ్రాఫ్’లో వచ్చిన గుర్రప్పందేల కాలమ్‌లో ఒక చిన్న వార్త ఉంది. టిప్పిటీ విచెట్ అనే గుర్రం, దాని వెంట ఉన్న మరికొన్ని గుర్రాలు మేరీల్యాండ్ మైదానాల్లో బాగానే గెలుచుకున్నాయనీ, మర్నాడు ‘బిగ్ యాపిల్’కు బయల్దేరుతున్నాయనీ దాని సారాంశం. న్యూయార్క్‌ను ఆ పేరుతో పిలిచినట్టు అచ్చులో దొరికిన తొలి ఆధారాల్లో ఇదొకటి. రాసినవాడు జాన్ జె. ఫిట్జ్‌జెరాల్డ్. బిగ్ యాపిల్ అన్న మాటకు ఆయన కొటేషన్ గుర్తులు పెట్టాడు. అంటే అది ఎవరి నోటో విన్న మాట, పాఠకులకు ఇంకా అలవాటు కాని మాట అన్నమాట.

ఈ వాక్యాన్ని మరుగున పడ్డ కాగితాల్లోంచి బయటికి తీసినవాడు బ్యారీ పాపిక్. న్యూయార్క్‌లో పార్కింగ్ జరిమానాల కేసులు విచారించే న్యాయాధికారిగా పనిచేశాడు ఆయన. తీరిక దొరికితే లైబ్రరీలో పాత పత్రికల మైక్రోఫిల్మ్ తిప్పుతూ కూర్చునేవాడు. ఆయనకంటే ముందే ఈ దారి పట్టిన మనిషి జెరాల్డ్ కోహెన్, మిసోరీ రాష్ట్రంలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఈ ముద్దుపేరు మీద కోహెన్ పుస్తకం 1991లో వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కలిశారు. పదాల పుట్టుక గురించి నేను చదివిన వాటిలో ఇంత ఓపికగా, ఇంత నిజాయితీగా జరిగిన పని చాలా తక్కువ.

పందేల పత్రికలో వచ్చిన ఒక్కొక్క కాలమ్‌నూ వాళ్లు సాక్షిని విచారించినట్టు విచారించారు. 1924 ఫిబ్రవరి 18 కాలమ్‌లో ఫిట్జ్‌జెరాల్డ్ ఆ మాట తనకెలా దొరికిందో చెప్పాడు. న్యూ ఆర్లీన్స్‌లోని ఫెయిర్ గ్రౌండ్స్ మైదానం దగ్గర ఇద్దరు నల్లజాతి పనివాళ్లు, పరుగు తీసిన గుర్రాలు చల్లబడేందుకు వాటిని నడిపిస్తున్నారు. ఇక్కణ్నుంచి ఎక్కడికని ఒకడు అడిగాడు. బిగ్ యాపిల్‌కే అని రెండోవాడు గర్వంగా చెప్పాడు. అలాగైతే ఆ బక్క గుర్రాల్ని కాస్త మేపండి, లేదంటే మీకు ఆ యాపిల్‌లో మిగిలేది నడిమి గింజల ముక్కేనని మొదటివాడు తక్షణం అంటించాడు.

1926 డిసెంబర్ 1న అదే సంగతి మళ్లీ చెప్పాడు. ఈసారి అడిగింది పక్క శాల కుర్రాడు. వచ్చిన జవాబు కూడా వేరు: మాది చిన్నాచితకా మైదానాలు తిరిగే శాల కాదు, మేం బిగ్ యాపిల్‌కు పోతున్నాం అని. చివరి చమత్కారంలో గింజల ముక్క బదులు ఇందులో తొక్క ఉంది. రెండు కథనాలకూ పొత్తు కుదరలేదు కదా అని మరొకరైతే ఒకదాన్ని దాచేసేవారు. వీళ్లు రెండూ పక్కపక్కనే పెట్టారు. ఊరు, మైదానం, చల్లబడుతున్న గుర్రాలు, తర్వాత ఎక్కడికన్న ప్రశ్న రెండింట్లోనూ చెక్కుచెదరలేదు. నాకైతే రెండోదే ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది. అందులో రచయిత కథ రక్తి కట్టించే ప్రయత్నంలో లేడు, పాఠకులు పదే పదే అడుగుతుంటే జవాబిస్తున్నాడు. పైగా శాలల్లో పనిచేసేవాడి లోకం అందులోనే ఉంది. గుర్రాలకు యాపిల్ ఇష్టమైన తిండి. చిన్న మైదానాల్లో తిరిగేవాళ్లకు పెద్ద బహుమతులున్న న్యూయార్కే అందాల్సిన పండు.

ఆ మాట నల్లజాతి వాళ్ల వాడుకలోదేనని చెప్పడానికి వేరే ఆధారమూ ఉంది. వాళ్ల పత్రిక ‘షికాగో డిఫెండర్’లో 1920లోనే ఒక కళాకారుడు లాస్ ఏంజిలిస్‌ను బిగ్ యాపిల్ అన్నాడు. పేరు ఇంకా ఒక ఊరికి స్థిరపడలేదు.

ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది, పాత తేదీ కనబడగానే వీళ్లు మురిసిపోకపోవడం. 1909లో ఎడ్వర్డ్ మార్టిన్ అనే రచయిత తన పుస్తకంలో దేశాన్ని చెట్టుగా ఊహించి, న్యూయార్క్ అనే పెద్ద యాపిల్ తన సారాన్ని ఎక్కువగా పీల్చేస్తోందని ఆ చెట్టు అనుకుంటుందని రాశాడు. కొందరు దాన్నే తొలి ప్రయోగంగా లెక్కించారు. కోహెన్, పాపిక్ ఒప్పుకోలేదు. అది ఆ వాక్యం వరకే పనికొచ్చిన పోలిక, జనం పిలిచిన పేరు కాదన్నారు. ఈవ్ అనే ఫ్రెంచి వేశ్యాగృహ యజమానురాలి వల్ల పేరొచ్చిందన్న రసవత్తరమైన కథను కూడా, 1990ల నాటి కల్పన అని తేల్చి పక్కన పెట్టారు. ఇంకో ఊరి ముద్దుపేరు విషయంలోనూ ఇలాగే జరిగింది. షికాగోను ‘విండీ సిటీ’ అనడం 1893 ప్రపంచ ప్రదర్శన కోసం జరిగిన పోటీలో, ఒక న్యూయార్క్ సంపాదకుడి వెక్కిరింతతో మొదలైందని చాలామంది నమ్మేవారు. 1876 నాటి సిన్సినాటి పత్రికలోనే ఆ పేరు శీర్షికకెక్కిందని పాపిక్ చూపించాడు.

మన ఊళ్ల పేర్లకూ స్థలపురాణాలకు కొదవలేదు. ఆంధ్రపత్రిక, గోలకొండ పత్రిక పాత సంచికల్లో మన నగరాల యాస, ఎకసెక్కాలు, ముద్దుపేర్లు అచ్చుతేదీలతో సహా దొరకవచ్చు. వాటి ముందు ఇంత ఓపికగా ఎవరైనా కూర్చోవాలని నా గట్టి కోరిక.

1930ల్లో జాజ్ సంగీతకారుల నోట బాగా నలిగి, తర్వాత మరుగునపడ్డ ‘బిగ్ యాపిల్’ పేరును 1971లో పర్యాటక సంస్థ అధ్యక్షుడు చార్లెస్ గిలెట్ ప్రచారంతో మళ్లీ లేపారు. 1997లో మేయర్ జూలియానీ సంతకంతో బ్రాడ్‌వే, 54వ వీధి కలిసే మూల ‘బిగ్ యాపిల్ కార్నర్’ అయింది. ఫిట్జ్‌జెరాల్డ్ 1963లో చనిపోయేదాకా అక్కడే ఉండేవాడు. మొదట ఆ మాటన్న పనివాళ్ల పేర్లు ఆయన రాయలేదు. అయినా అది తన మాట కాదనీ, వాళ్లదనీ రెండుసార్లూ ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును వెతికి పట్టుకుని, ఘనత ఎవరిదో వాళ్లకే ఇచ్చారు ఈ పరిశోధకులు. 2011లో కోహెన్ పుస్తకం రెండో కూర్పు వచ్చింది. ఈసారి ముఖచిత్రం మీద పాపిక్ పేరు కూడా ఉంది.