నీలం కన్నా గోధుమ గీత నయం

ఈ వారం నల్లగొండ పాఠకుడొకరు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపారు. కింద పాత సర్వే షీటు, దానిమీద ఉపగ్రహ చిత్రం. షీటులోని నీలిరంగు చెరువు చుట్టూ ఎర్ర సున్నా గీసి, ‘ఎంత మింగిండ్రో చూడండి సార్’ అని రాశారు. ఆయన కోపం న్యాయమైనదే కావచ్చు. నాకు చిరాకు తెప్పించింది ఆ రుజువు.

నా పాత పాటే, భరించండి: పటానికి ఒక్క సంవత్సరం ఉండదు. సర్వే చేసిన ఏడు ఒకటి, జిల్లా హద్దులు సవరించిన ఏడు ఇంకొకటి, రోడ్డు చేర్చింది మరెప్పుడో. ఇక నీళ్లంటారా, పాలమూరు చెరువు కార్తీకంలో ఒకలా, ఫాల్గుణంలో ఒకలా ఉంటుంది. అంగుళానికి మైలు లెక్కన గీసిన షీటులో అర మిల్లీమీటరు గీత నేలమీద 30 మీటర్ల పైమాటే. ఆక్రమణ తేలాలంటే గ్రామ నక్షా, టిప్పన్, సేత్వార్ చూడాలి. శిఖం, అంటే చెరువు గర్భం, ఎక్కడిదాకానో చెప్పే రెవెన్యూ రికార్డులు అవే.

ఇదంతా కొల్లాపూర్ దగ్గర ఒక పెద్దాయనకూ చెప్పబోయాను. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు ఆయనది. నా చేతిలో 56 ఎల్ గడిలోని పాత షీటొకటి ఉంది, అంగుళానికి మైలు లెక్కది. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదలయ్యే గడి అది. పాలమూరు పట్టణం దాని అంచునే పడుతుంది. బ్రిటిష్ కాలపు సర్వేయర్ లాంబ్టన్ త్రికోణాలు కట్టుకుంటూ పైకొచ్చింది కూడా ఆ రేఖ చుట్టుపక్కలే. పెద్దాయనకు లాంబ్టన్‌తో ఏం పని? ‘మా ఊరు ఏడున్నది సార్ ఇందులో?’ అన్నాడు.

జటప్రోలు, సోమశిల గుళ్లను రాయి రాయీ విప్పి ఒడ్డున మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి అలంపురానికి చేర్చారు. ఇళ్లను అలా ఎవరు మోస్తారు? షీటు మీద కృష్ణ సన్నగా పారుతోంది. ఊరి పేరు చూపించాను, బండ్లబాట చూపించాను. అప్పుడు ఆయన వేలు పక్కనున్న గోధుమరంగు గీతలమీద ఆగింది. ‘ఇవేంది?’

ఎత్తులు చెప్పే గీతలవి, యాభై అడుగులకొకటి. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. 850, 900 గీతల నడుమ పెన్సిలుతో ఉజ్జాయింపుగా ఒక గీత గీశాను. ముంపు మొత్తం దాని లోపల పడింది, వాగుల వెంట వేళ్లలా పైకి పాకిన చోట్లతో సహా. ఆనకట్ట ఊసు లేని కాలంలో చేసిన సర్వే! నీళ్ల గురించి నీలం చెప్పనిది గోధుమ గీతలు చెప్పాయి. పెద్దాయన చాలాసేపు చూసి, ‘మాది గీతకు కిందనే’ అన్నాడు.

కాబట్టి పటంమీద పటం వేసేవాళ్లను ఇకపై ఎగతాళి చెయ్యను. వెయ్యండి. ముందు ఎత్తుల గీతలు, చెరువు కట్ట కలిశాయా చూడండి. నీటి అంచు సంగతి చివరికి. నాకిప్పుడు మిగిలిన ఫిర్యాదు వేరు. సర్వే ఆఫ్ ఇండియా 2017 నుంచి షీట్లను ఉచితంగా దింపుకోనిస్తోంది, సంతోషం. కానీ వాటిలో ఆ ఊళ్లున్న చోటంతా నీలమే. ముంపు ఊళ్లవాళ్లకు కావలసింది అంతకు ముందటి ముద్రణ.