మనిషిని చూసి గీయాలి

పెన్సిల్‌తో ముఖాలు వేయడం నేర్చుకునే పిల్లలకు నేను ముందుగా చూపించేది ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ బొమ్మలే. దక్షిణ ఫ్రాన్స్‌లోని మోంతోబాన్‌లో 1780లో పుట్టాడాయన. పారిస్‌లో చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ దగ్గర శిష్యరికం చేసి, సర్కారు ఖర్చుతో రోమ్ వెళ్లి నేర్చుకునే వీలు కల్పించే రోమ్ బహుమతిని 1801లో గెలిచాడు. సర్కారు ఖజానాలో డబ్బుల్లేక 1806 దాకా రోమ్ వెళ్లలేకపోయాడు.

నెపోలియన్ పతనమయ్యాక రోమ్‌లోని ఫ్రెంచి అధికారులు ఇంటిదారి పట్టారు. వాళ్లతోపాటే ఆంగ్ర్‌కు వచ్చే పనులూ పోయాయి. ఇల్లు గడవాలి కాబట్టి, ఊరు చూడవచ్చిన ఇంగ్లీషువాళ్ల బొమ్మలు పెన్సిల్‌తో వేసిచ్చాడు. పురాణ, చరిత్ర ఘట్టాలు చిత్రించడమే తన అసలు పని అనుకునే ఆయనకు అది చిన్నతనంగానే ఉండేది. అయినా చేతిలోని పనిని మాత్రం ఎన్నడూ చిన్నచూపు చూడలేదు.

ఆ బొమ్మల్లో ఒకదాన్ని దగ్గరగా చూడండి. నున్నటి తెల్ల కాగితం, మొన తేలేలా చెక్కిన గట్టి పెన్సిల్. కనురెప్ప అంచు, పెదవి మూల, ముక్కు పక్కన నీడ, అన్నీ ఓపిగ్గా పూర్తిచేసి ఉంటాయి. షేడింగ్ ఎంత మెత్తగా ఉంటుందంటే గీత ఆనవాలు దొరకదు. మెడ దిగేసరికి చేయి వేగం అందుకుంటుంది. కోటు మడతలు నాలుగు గీతల్లో తేలిపోతాయి. ఎక్కడ నిలవాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసిన చేయి అది.

ఆ తెలివి చూపులోంచి వచ్చింది. 1832లో పత్రికాధిపతి బెర్తాన్ చిత్రం మొదలుపెట్టి, భంగిమ కుదరక ఆంగ్ర్ చాలా అవస్థ పడ్డాడు. ముందు నిలబెట్టి గీసి చూశాడు, తృప్తి కలగలేదు. చివరికి బెర్తాన్ మాటల్లో పడి, రెండు చేతులూ తొడల మీద ఊని కూర్చున్న తీరు కంటపడింది. వేళ్లు విచ్చుకుని, భారీ శరీరం ముందుకు వాలి, ఎదుటివాడి మాటకు బదులివ్వబోతున్నట్టున్న ఆ మనిషి ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాడు.

ఈ రోజుల్లో నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఫోన్‌లో ఫోటో పెట్టుకుని గీస్తారు. కొలతలు సరిపోతాయి, పోలికా వస్తుంది. కానీ ఏది ముఖ్యం, ఏది వదిలేయొచ్చు అన్నది ఫోటో చెప్పదు. ఫోటోలో కన్నుకీ చొక్కా గుండీకీ ఒకటే విలువ. ఆ తేడా ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గరే తెలుస్తుంది. అందుకే నేను అందరికీ చెప్పేదొకటే: అమ్మ బొమ్మ వేయాలనుకుంటే ముందు అమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పండి, పెన్సిల్ సంగతి ఆ తర్వాత.