'లేదు' అనడానికి ఆధారం: వెబ్‌సైటు తనిఖీలో కృత్రిమ మేధ సూచనల గుణవిచారణ

వెబ్‌సైటు సెర్చ్ ఇంజన్లకు అనుకూలంగా ఉన్నదా అని పరీక్షించే కృత్రిమ మేధ ఏజెంటుకు ముందుగా ఒక సూచనావళిని ఇస్తారు. ఎన్ని అంశాలు తనిఖీ చేయమన్నదనేది దాని గుణానికి కొలమానం కాదు. ప్రతి నిర్ణయానికీ ఏ ఆధారం చూడాలో చెప్పిందా అన్నదే ప్రధానం.

పేజీలోని విషయాన్ని సెర్చ్ ఇంజన్‌కు వివరించే స్కీమానే తీసుకుంటే, జావాస్క్రిప్టు ద్వారా చేర్చినప్పుడు అది మూల హెచ్‌టీఎంఎల్‌లో ఉండదు. బ్రౌజరులో పేజీ రూపొందిన తరువాతనే కనిపిస్తుంది. 'స్కీమా ఉన్నదో లేదో చూడాలి' అని మాత్రమే చెప్పే సూచన, మూలాన్ని చదివి ఊరుకునే ఏజెంటు చేత ఉన్నదానిని లేదనిపిస్తుంది. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణంగా అంగీకరిస్తూనే, ఉంటే కనిపించదగినది కనిపించనప్పుడే అభావం సిద్ధిస్తుందన్నారు. సూచనావళికి కావలసిన వివేకం ఇదే.

'శీర్షిక 60 అక్షరాలు మించరాదు' అన్నది మరొక ప్రచారంలోని నియమం. గూగుల్ అటువంటి పరిమితి విధించలేదు; తెర వెడల్పును బట్టి శీర్షికను కుదించి చూపుతుంది. పైగా 'స్త్రీ' తెలుగులో ఒక్క అక్షరం, యూనికోడ్‌లో 6 సంకేతాలు. దేనిని లెక్కించాలో చెప్పని నియమం తెలుగు పేజీకి లేని దోషాన్ని అంటగడుతుంది.

కనుక 'లేదు', 'కనిపించలేదు', 'పరీక్షించలేదు' అనే మూడింటినీ ఏజెంటు చేత వేరుగా చెప్పించేదే మేలైన సూచనావళి. ఆ భేదం పాటించని నివేదిక ఎంత సమగ్రంగా కనిపించినా, సవ్యంగా ఉన్నదానినే మార్చుకొమ్మని యజమానిని తొందరపెడుతుంది.