భోజనం తర్వాత పావుగంట

వేసవిలో అమెరికాలోని మా అల్ఫారెట్టాలో దాదాపు తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది. మా వీధిలో ఆ వేళ నడిచేవాళ్ళలో చాలామంది ఇండియా నుంచి పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలే. చీర కట్టుకుని, కోడలు కొనిపెట్టిన షూ వేసుకుని వచ్చే ఒక పిన్నిగారు నాకు తోడు. ‘అన్నం తిన్నాక నాలుగడుగులు వెయ్యకపోతే ఒంటికి పట్టదమ్మా’ అంటారావిడ.

పొద్దున్నే బిగ్ క్రీక్ గ్రీన్‌వే మీద చెట్ల నీడన నడవడం నాకు ప్రాణం. అయినా షుగర్ దగ్గరికొచ్చేసరికి సాక్ష్యం పిన్నిగారి వైపే ఉంది. 2013లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అరవై దాటిన పదిమందిని పరీక్షించారు. ఒక విడత పొద్దున 45 నిమిషాలు నడిపించారు, మరో విడత సాయంత్రం అంతే సేపు, ఇంకో విడత మూడు పూటలా భోజనమయ్యాక పావుగంట చొప్పున. రాత్రి భోజనం తర్వాత పెరిగే చక్కెరను బాగా అదుపు చేసింది ఈ మూడోదే. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది. అందుకే చక్కెర పెరిగే వేళకి కాళ్ళు కదులుతుండాలి. పదిమందంటే చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. నేను మాత్రం రాత్రి నడక మానను.

ఎందుకింత పట్టుదలంటే, మన ఒళ్ళు వేరు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో అచ్చయింది. ఎత్తును బట్టి బరువు చూసే బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. ‘సన్నగానే ఉన్నాడుగా, షుగరేమిటి?’ అని మన పెళ్ళిళ్ళలో వినబడే ప్రశ్నకి జవాబు ఆ ఫొటోలో ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ గుండెనీ షుగర్‌నీ ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం 2010లో గానీ మొదలవలేదు. దాని పేరు మసాలా. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో 40 నుంచి 84 ఏళ్ళ మధ్య దక్షిణాసియా వాళ్ళు 906 మంది అందులో చేరారు. వయసు తేడాలు సరిచేసి చూస్తే వీళ్ళలో 23 శాతం మందికి మధుమేహం ఉంది, తెల్లవాళ్ళలో 6 శాతమే. తర్వాత 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎంఐ హద్దును 25 నుంచి 23కి దించింది. షుగర్ పరీక్ష గురించి అక్కడి నుంచే ఆలోచించమంది.

ఆ 906 మంది రక్తమిచ్చారు, స్కాన్లు తీయించుకున్నారు, ఏం తింటున్నారో ఓపిగ్గా చెప్పారు. వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. మన సంగతి మనమే చెప్పకపోతే ఇంకొకరి ఒంటి లెక్కలతోనే మనకి వైద్యం జరుగుతుంది. అలాంటి అధ్యయనంలో చేరమని మిమ్మల్నెవరైనా అడిగితే, టైమ్ లేదని ఫోన్ పెట్టేయకండి. వివరాలన్నీ అడగండి, సందేహాలు తీర్చుకోండి, నచ్చితే చేరండి. ఈలోగా, సన్నగా ఉన్నామన్న ధీమాతో షుగర్ పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.